వినని క్యాసెట్టు

మార్చి 4, సోమవారం

పేజీ తిప్పితే చప్పుడవుతోందట. మా ఆయన నిన్న అన్నారు, అది కూడా నోటితో కాదు, చేత్తో సైగ చేసి. అందుకని ఈ డైరీ ఇవాళ్టి నుంచి నేను పనిచేసే లాండ్రీలోనే ఉంటుంది, ఉతికిన దుప్పట్ల అరలో, అట్టడుగున. తిన్నాక దొరికే కాస్త విరామంలో రాసుకుంటాను. ఇక్కడ ఉతికే యంత్రాలు, ఆరబెట్టే యంత్రాలు, బుస్సుమనే ఆవిరి ప్రెస్సులు, ఇవి కాక ఒక మైకు. మైకంటే మా పక్క బల్ల మీద ఇస్త్రీ చేసే ఆవిడ. ఆవిడ గుట్టుగా చెప్పిన మాట గోడౌన్ దాకా వినిపిస్తుంది. చప్పుడైందని ఇక్కడెవరూ మొహం చిట్లించరు.

తను పనిచేసే షెడ్డులో గాలి ట్యాంకు పేలిన దగ్గర్నుంచి ఆయన చెవులకి చెంచా చప్పుడు కూడా సూదిలా గుచ్చుకుంటోంది. నిశ్శబ్దమే మందన్నాడు చెవి డాక్టరు. అందుకే మా అమ్మాయి గిలకని అక్క వాళ్ళింట్లో దింపి వచ్చాను. చలి మొదలైనప్పుడు దింపాను, ఇప్పుడు ఎండలొచ్చేశాయి. ఉయ్యాల్లోంచే వాగుతోందని దానికి గిలక్కాయ అని పేరు పెట్టింది ఆయనే. పిలిచి పిలిచి గిలకైంది. తొమ్మిదేళ్ళొచ్చినా ఆ పేరుకి మచ్చ తేలేదు.

ఇంకొన్నాళ్ళే. ఆయనకి తగ్గగానే తెచ్చేసుకుంటాం.

మార్చి 6, బుధవారం

ఇంట్లో ప్రస్తుతం నడుస్తున్న చట్టం ఇది. కుర్చీ కాళ్ళకి పాత సాక్సులు. స్టీలు గిన్నెలు అటక మీదికి, ప్లాస్టిక్‌వి కిందికి. కాలింగ్ బెల్లు తీగ పీకేశాం. కిటికీ సందుల్లో స్పాంజి. కుళాయి కింద బకెట్లో మడత పెట్టిన గుడ్డ, ధార నేరుగా పడకుండా. కుక్కర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏదైనా మూకుట్లో ఉడికేసరికి నా ఓపిక కూడా ఉడికిపోతోంది.

ఇవన్నీ నేనే చేశాను. ఆయన అడగలేదు. కుర్చీ కాలికి సాక్సు తొడుగుతుంటే నాకు గర్వంగా కూడా అనిపించింది, ఎవరికొస్తుంది ఇలాంటి ఆలోచన అని.

ఇవాళ మైకు వెనక నుంచి వెళ్ళి నీళ్ళ సీసా అడిగితే ఎగిరిపడింది. "ఏమే, పిల్లిలా వచ్చి ప్రాణం తీస్తావా? అడుగు చప్పుడన్నా చెయ్యి! మీ ఆయన చెవులకి తగ్గేసరికి నీ నోరు పడిపోయేట్టుంది." అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకున్నాను. నవ్వు బయటికి రాలేదని తరవాత అర్థమైంది.

పోయిన నెల డాక్టరు దగ్గరికి ఆయనొక్కరే వెళ్ళొచ్చారు, నాకు సెలవు దొరకలేదు. "ఇంకా విశ్రాంతి కావాలన్నాడు" అన్నారు. డాక్టరన్నాక వినాలిగా.

మార్చి 7, గురువారం

తుమ్మొచ్చింది. పరుగెత్తుకెళ్ళి దిండులో తుమ్మాను. ఇంకొన్నాళ్ళే.

మార్చి 11, సోమవారం

నిన్న అక్క వాళ్ళింటికి వెళ్ళాను. గిలక పాట కింది మెట్టు దగ్గరికే వినిపించింది. ఆ పాటేదో తెలిశాక ఇంక పైకి ఎక్కలేకపోయాను, మధ్య మెట్టు మీద చతికిలబడ్డాను. లోపల అక్క గరిటెతో బల్ల మీద తాళం వేస్తోంది. ఆ పాట ఆ రాగంలో ఇన్నాళ్ళూ ప్రపంచంలో ఇద్దరికే వచ్చు, నాకూ అక్కకీ. ఇప్పుడు ముగ్గురికి.

నేను మొట్టమొదట కొన్న క్యాసెట్టులోది అది. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. కుట్టుమిషనుకి దారం ఉండలు తెమ్మని అమ్మ బజారుకి పంపింది. దారాల కొట్టు పక్కనే క్యాసెట్ల కొట్టు. అద్దం వెనక ఆ అట్ట. నీలం బట్టల్లో ఒకావిడ, కళ్ళు మూసుకుని, ఏదో పాడబోతున్నట్టు నోరు సగం తెరిచి. ఆ నోరు తెరిచిన ఆవిడని అలా వదిలేసి ఎలా వెళ్తాం? లోపలికి వెళ్ళి అడిగేశాను. కొట్టతను అట్ట మీద దుమ్ము తుడుస్తూ, "మీ ఇంట్లో ఏ ప్లేయరుందమ్మా?" అన్నాడు.

"పెద్దది," అన్నాను.

మా ఇంట్లో చిన్నది కూడా లేదు. ఇంటికొచ్చాక గుర్తొచ్చిందని చెప్పుకోవచ్చుగానీ, నాకు కొట్లోనే తెలుసు. తెలిసీ కొన్నాను. అమ్మ సంచిలో చెయ్యి పెట్టి వెతికి, క్యాసెట్టు తీసి అటూ ఇటూ తిప్పింది. గోటితో రీలు కాస్త బయటికి లాగి వెలుతుర్లో పట్టుకుని చూసింది. "దీంతో బొత్తాలు కుట్టనా?" అంది. నాన్న కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. అక్క మాత్రం నవ్వలేదు. డబ్బాలోంచి మడతలు పెట్టిన కాగితం బయటికి లాగింది. పాటలన్నీ చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చేసి ఉన్నాయి.

ఇంకేం కావాలి మాకు. మాటలున్నాయి, రాగం మేమే కట్టుకున్నాం. మొదటి పాట అక్క కట్టింది, రెండోది నేను. మూడో దాని దగ్గర జుట్లు పట్టుకున్నాం, ఒకటే చరణానికి నాదో రాగం, దానిదో రాగం. నా రెండో పాట పల్లవిలో "వెళ్ళిపో వెళ్ళిపో" అని ఉంటుంది. అది మాకు పరుగుపందెం పాట. వెళ్ళిపో అన్నప్పుడల్లా ఒకళ్ళు గెంతాలి, రెండోవాళ్ళు పట్టుకోవాలి. నిన్న గిలక పాడుతున్నది అదే, గెంతుతూ.

నన్ను చూడగానే ఆపేసింది. "అమ్మా, నాన్నకి తగ్గిందా?"

"ఇంకొన్నాళ్ళే."

"పోయిన వారం కూడా అదే అన్నావ్."

"తగ్గాలి కదే మరి."

అక్క నన్ను వంటింట్లోకి లాగింది. "నాకేం బరువు కాదు, అది నీకూ తెలుసు. కానీ నిద్దట్లో నీతో కబుర్లు చెప్తోందే. పక్కన నేను పడుకుని ఊకొడుతున్నాను, నువ్వే అనుకోనీ అని. ఎన్నాళ్ళిలా?"

నేను పాల గిన్నె దించాను, చప్పుడు కాకుండా. అక్క ఆ గిన్నెని చూసింది, నన్ను చూసింది.

మార్చి 12, మంగళవారం

నిన్న సగంలో బెల్లు కొట్టారు. మిగతాది.

ఎదురింట్లోకి ఒక కాంపౌండరు గారు అద్దెకొచ్చారు, ప్లేయరుతో సహా. అప్పటికి మా పాటలు కట్టుకుని ఏడాది పైనే. క్యాసెట్టు పట్టుకుని వెళ్ళి వాళ్ళ ముందుగదిలో బుద్ధిగా కూర్చున్నాం. అమ్మ కూడా వచ్చింది, బొత్తాలు కుట్టని వస్తువు ఏం చేస్తుందో చూద్దామని.

క్యాసెట్టులో ఆవిడ పాడింది. మా రాగం ఒక్కటీ లేదు అందులో. నా పరుగుపందెం పాట అయితే ఏడుపు. వెళ్ళిపో అని ఒక్కోసారి అనడానికి ఆవిడ ఊపిరంతా అయిపోతోంది. అమ్మ కళ్ళు తుడుచుకుంది. అక్క నా చెవిలో, "ఈవిడ తప్పు పాడుతోందే" అంది. నేను కూడా సరిగ్గా అదే అనుకుంటున్నాను! నవ్వాపుకోలేక దగ్గు నటించి బయటికొచ్చేశాం. మళ్ళీ ఆ క్యాసెట్టు ఎక్కడా పెట్టించలేదు. మా పాటే నిలబెట్టుకున్నాం.

ఇంట్లో ఇప్పుడు అదే పని చేస్తున్నాను. పెదాలు కదపకుండా, గొంతు కదపకుండా, లోపల. గిన్నెలు తోముతూ రెండో పాట మొత్తం పాడాను, గెంతులతో సహా. ఆయన వార్తాపత్రిక చదువుతున్నారు. పత్రిక పేజీ తిప్పితే చప్పుడు కాదు కాబోలు.

ఛ, ఏం మాటలివి. పాపం మనిషి పగలంతా ఒక్కడే గదిలో కూర్చుంటున్నాడు.

మార్చి 14, గురువారం

లాండ్రీ రేడియోలో ఈ సోమవారం నుంచి కొత్త ప్రకటన వస్తోంది, బట్టల సబ్బు పొడిది. "మరకా మరకా మళ్ళీ రాకే" అని ఒక చిన్నపిల్ల పాడుతుంది. చివర్లో ఒక ఈల. కింద మొదలై పైకెక్కి, సరిగ్గా మధ్యలో విరిగి, జారి కిందికొస్తుంది. భలే కట్టాడు ఎవడోగానీ. లాండ్రీలో పనిచేసేవాళ్ళకి వినిపించాల్సిన పాటేనా ఇది? గంటగంటకీ వస్తోంది. ఇవాళ మైకు ఇస్త్రీపెట్టె నిలబెట్టి అందుకుంది, "మరకా మరకా మళ్ళీ రావే, నువ్వు రాకుంటే మాకు కూడే లేదే!" హాలు హాలంతా అందుకున్నాం. నేను కూడా. మేనేజరు తలుపు తీసి, తిట్టబోయి, నవ్వొచ్చి మూసుకుని పోయాడు.

బస్సు దిగాక కూడా నోట్లో అదే. మా వీధి మలుపు రాగానే మింగేశాను.

మార్చి 18, సోమవారం

నిన్న గిలకని ఇంటికి తీసుకొచ్చాను, ఒక్క పగటికి. వారం రోజులు ఆయన్ని బతిమాలితే, "సరే, చూద్దాం" అన్నారు.

అది తయారై వచ్చింది. అక్క చెప్పింది, ఇంట్లో మూడు రోజులుగా సాధన చేస్తోందట, ఎలా కూర్చోవాలి, ఎలా నమలాలి అని. వచ్చి గోడ వారన కూర్చుంది, అరచేతులు తొడల కింద పెట్టుకుని. మంచినీళ్ళు తాగేటప్పుడు గొంతు మీద చెయ్యి వేసుకుంది, గుటక వినపడకూడదని. మధ్యాహ్నం ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. లేచి స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఎంతకీ రాకపోతే వెళ్ళి చూశాను. తువ్వాలు నోట్లో కుక్కుకుని కూర్చుంది. నన్ను చూసి బొటనవేలు ఎత్తి చూపించింది, అంతా బాగానే ఉందన్నట్టు.

సాయంత్రం వెళ్ళే ముందు ఆయన దగ్గరికి వెళ్ళి చెవికి దూరంగానే నిలబడి, గుసగుసగా, "నాన్నా, చూశావా, నేను అస్సలు చప్పుడు చెయ్యలేదు. వచ్చే వారం నుంచి ఉండిపోనా?" అంది.

ఆయన దాని తల నిమిరారు. ఎటో చూస్తూ అన్నారు, "ఇంకొన్నాళ్ళు తల్లీ."

ఆ మాట నేను వందసార్లు అన్నాను. పక్కన నిలబడి వినడం ఇదే మొదటిసారి.

తిరిగి వెళ్ళేటప్పుడు బస్సులో ఒకటే గోల. హారన్లు, ఎవరిదో ఫోను, వెనక సీట్లో పోట్లాట. "ఇక్కడ మాట్లాడొచ్చే" అన్నాను. తల ఊపింది. దిగేదాకా మాట్లాడలేదు.

మార్చి 19, మంగళవారం

గిలక్కాయలోంచి గింజలు తీసేశాం.

మార్చి 20, బుధవారం

పొద్దున ఆయన అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నారు. నేను టిఫిన్ డబ్బా సర్దుకుంటున్నాను. సన్నగా, ముక్కుతో ఆయన కూనిరాగం వినిపించింది. మరకా మరకా మళ్ళీ రాకే. పెదాల మీద సబ్బు ఉంది కాబట్టి చివర ఈల వెయ్యలేదు. దాన్ని గొంతుతోనే పైకెక్కించి, మధ్యలో విరిచి, కిందికి దించారు.

నేను డబ్బా తీసుకుని బస్సెక్కాను. అంతే. ఏమీ జరగలేదు.

మార్చి 21, గురువారం

ఆ పాట ఆయనకి వీధిలోంచి వినపడి ఉంటుంది. కిటికీలకి స్పాంజి పెట్టింది నేనేగా, నా చేత్తో. వీధిలోంచి వినపడదు.

నేనే నిద్దట్లో పాడి ఉంటాను. ఆ ఇంట్లో నేను నిద్దట్లో పక్కకి కూడా ఒత్తిగిల్లను.

పత్రికలో ప్రకటన చూసి ఉంటారు. ఔను, పత్రికలో వచ్చింది, నేనూ చూశాను, మాటలన్నీ వేశారు. దీంతో రాత్రంతా సరిపెట్టుకున్నాను. చదివారు, పాడుకున్నారు, అందులో తప్పేముంది?

కానీ కాగితం మీద చదివిన పాటకి రాగం ఎలా వస్తుందో నాకు చెప్పక్కర్లేదు. ఈ విషయంలో నన్ను మించినవాళ్ళు లేరు. ఏడాదిపాటు ఒక క్యాసెట్టు మొత్తాన్ని కాగితం చూసి పాడినదాన్ని. కాగితం చూసి పాడితే తప్పొస్తుంది. ఏడుపు పాట గెంతుల పాటైపోతుంది. ఆయనకి ఒక్క తప్పు రాలేదు. ఆ ఈల ఎక్కడ విరగాలో అక్కడే విరిగింది. వినకుండా అది రాదు. ఒక్కసారి విన్నా రాదు, నాకే రెండు రోజులు పట్టింది.

అన్నం తినలేదు. మైకు నా డబ్బా మూత తీసి చూసి, మళ్ళీ పెట్టేసి, మొదటిసారి మెల్లగా మాట్లాడింది. "ఏమైందే?"

"తలనొప్పి" అన్నాను.

మార్చి 22, శుక్రవారం

అడిగేశాను. గుసగుసగా. అలవాటైపోయింది కదా, పోట్లాట కూడా గుసగుసగానే పోట్లాడాం. కిటికీలోంచి ఎవరైనా చూస్తే సరసాలాడుకుంటున్నారనుకుంటారు.

"డాక్టరు నిజంగా ఏమన్నాడండీ?"

చాలాసేపు గోరు గిల్లుకున్నారు. "చప్పుళ్ళు మెల్లమెల్లగా అలవాటు చేసుకోమన్నాడు."

"ఎప్పుడు?"

"పోయిన నెల."

"అలవాటయ్యాయా?"

"నువ్వెళ్ళాక ఫోన్లో రేడియో పెట్టుకుంటాను. మొదట్లో దుప్పటి కింద. ఇప్పుడు మామూలుగానే."

"నేను తుమ్ము వస్తే దిండులో తుమ్ముతున్నానండీ!" అన్నాను. ఇన్ని మాటలుండగా నా నోటికి అదే వచ్చింది చూడు.

అప్పుడు చెప్పారు. ఒక రోజు నేను పనికెళ్ళాక షెడ్డు దాకా నడిచారట. గేటు కనపడగానే కాళ్ళు ఆగిపోయాయట. ట్యాంకు పేలినప్పుడు పక్కనున్న వెల్డరు మళ్ళీ లేవలేదు. ఆ వెల్డరు స్టూలు ఇంకా అక్కడే ఉందట. "నాకు తగ్గిందంటే నువ్వు వెళ్ళమంటావు" అన్నారు.

"నేనెప్పుడన్నాను?"

"అనవు. చూస్తావు."

నిజమే. చూస్తానేమో. "వెళ్ళకండి. వేరే పని చూసుకుందాం. భయమేస్తోందంటే నేను కాదన్నానా? కానీ గిలకేం చేసింది?"

"అదొస్తే ఒక్క పూటలో కనిపెట్టేస్తుంది. దాని ముందు నటించలేను."

అంటే నా ముందు నటించొచ్చు. నాకు ఆయన్ని చూస్తే జాలేసింది. జాలేసినందుకు ఒళ్ళు మండింది. గట్టిగా అరుద్దామని నోరు తెరిస్తే గాలే వచ్చింది.

మార్చి 23, శనివారం

"రేపు దాన్ని తీసుకొస్తున్నాను" అని చెప్పాను.

"దానికేం చెప్తావు?" అన్నారు.

"నేనేం చెప్పను. మీరే చెప్పండి."

మార్చి 25, సోమవారం

నిన్న గిలక సంచి సర్దుకుంటూ మామూలుగా అడిగింది, "నాన్నకి తగ్గిందా?" ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆపుకున్నాను. "నాన్ననే అడుగు" అన్నాను. అక్క నా భుజం పట్టుకుని ఒక్కసారి నొక్కి వదిలేసింది.

మా మెట్ల దగ్గరికి రాగానే బూట్లు విప్పేసింది. రెండూ గుండెకి హత్తుకుని మునివేళ్ళ మీద ఎక్కుతోంది. ఆయన తలుపు తీసి నిలబడి ఉన్నారు. దాన్ని అలా చూసి ఆయన మొహం ఎలాగో అయిపోయింది. "రావే గిలకా!" అన్నారు. నిండు గొంతుతో. ఆ గొంతు నేను కూడా మర్చిపోయాను. మెట్లన్నీ మోగాయి.

అది ఉలిక్కిపడింది. బూట్లు జారి మెట్ల మీద దొర్లుకుంటూ పోయాయి. వాటి కోసం వెళ్ళలేదు. ఒక్క ఉరుకులో పైకెక్కి, మునివేళ్ళ మీద సాగి, ఆయన రెండు చెవులూ తన అరచేతులతో మూసేసింది.

"నాన్నా, నొప్పెట్టిందా?"

ఆయన ఆ చేతులు తీసి పట్టుకున్నారు. "లేదమ్మా. నా చెవులు బాగానే ఉన్నాయి."

"ఎప్పట్నుంచి?"

ఆయన నా వైపు చూశారు. ఆ చూపు నాకు తెలుసు. పెళ్ళైన దగ్గర్నుంచి బంధువులకీ, షెడ్డు యజమానికీ, డాక్టరుకీ, ఆయన చెప్పాల్సినవన్నీ ఆ చూపుతో నాకు అప్పగించి నేనే చెప్తూ వచ్చాను. నిన్న కూడా జవాబు సిద్ధంగానే ఉంది. నిన్నట్నుంచేనే, తగ్గగానే నీ కోసం పరుగెత్తుకొచ్చాను కదా అని. ఎంత తేలికో. అది కూడా నమ్మేది.

నేను నోరు విప్పలేదు.

"కొన్నాళ్ళయింది" అన్నారు చివరికి.

గిలక ఆ కొన్నాళ్ళని లోపల ఎక్కడెక్కడో పెట్టి చూసుకుంది. ఎక్కిళ్ళ రోజు తగిలినట్టుంది. చేతులు వెనక్కి లాక్కుంది.

"మరి నన్నెందుకు తీసుకురాలేదు?"

గుసగుసగా కాదు. ఆయన గుమ్మంలోనే కూర్చుండిపోయారు.

మార్చి 26, మంగళవారం

రాత్రి కూడా ఆయన జవాబు చెప్పలేదు. పొద్దున గిలక పళ్ళు తోముకుంటూ, నోటినిండా నురగతో, స్నానాలగదిలోంచి మళ్ళీ అడిగింది. "నాన్నా! మరి నన్నెందుకు తీసుకురాలేదు?" కింది వాటా వాళ్ళకి కూడా వినపడి ఉంటుంది. ఆయన నా వైపు చూశారు.

నేను డబ్బా మూత బిగించుకుని బస్సుకి బయల్దేరాను.